పెరట్లో పికిలిపిట్ట

"కెమెరా ఎవనికన్న ఇచ్చెయ్ బావా. ఇంక దాంతోని నీకేం పని?"

బామ్మర్ది బీరప్ప మాటకు మొగులప్ప గొంతు లేచింది. "నా కెమెరా నా ఇంట్లనే ఉంటది. నేను ఫొటోలు తీస్త."

"ఎవరియి తీస్తవ్? నీ ముంగట కూసునేటోళ్లు ఎవరున్నరు?"

అదీ నిజమే. పోయిన ఎండాకాలం అమ్మవారు పోసి, మొగులప్ప చావు దాకా పోయి వచ్చాడు. మొహమంతా గుంటలు పడ్డాయి. తాండూరులో పెండ్లి ఫొటో అంటే ఒకప్పుడు అతనే. మొదటి ఎలక్షన్లప్పుడు లీడర్లు కూడా అతని ముందే మీసాలు దువ్వుకుని కూర్చున్నారు. ఇప్పుడు పెండ్లివాళ్లు వికారాబాద్ నుంచి వేరే మనిషిని పిలిపించుకుంటున్నారు. దుకాణం మూతపడింది.

"మనుషులు రాకుంటే పాయె. నా పెరట్లకొచ్చే పిట్టలనే తీస్త," అన్నాడు మొగులప్ప.

బీరప్ప పగలబడి నవ్వాడు. తమ్ముడి నవ్వుకు నాగవ్వకు ఒళ్లు మండింది. "నా మొగడు తీస్తనంటే తీస్తడు. నువ్వు జర నోర్మూసుకో!"

మరునాడే మొగులప్ప పెరట్లో ఎండుకొమ్మ ఒకటి పాతాడు. దాని మొదట్లో మట్టిచిప్ప పెట్టి నీళ్లు పోశాడు. కెమెరాను స్టాండు మీద బిగించి, కొమ్మ దాకా దారం లాగి దూరం కొలిచాడు. తల మీంచి గొంగడి కప్పుకుని రాయిలా కూర్చున్నాడు.

ఇన్నేళ్లూ అతను తీసింది కుర్చీలో కూర్చున్న మనుషుల్ని. "కదలకు" అంటే పిట్ట వింటుందా? మొదటి రీలును వికారాబాద్‌లో ఫొటోలు కడిగే తాజ్ మొహమ్మద్ దగ్గర కడిగించుకుని, బీరప్ప రైలు దిగి వచ్చాడు.

"ఒకదాంట్ల గోడ. ఒకదాంట్ల ఉత్త కొమ్మ. పిట్ట ఒక్కటి లేదు బావా!"

"ఇంకో రీలు తే."

రెండో రీలులో తోకలు పడ్డాయి. ఒక రెక్క మసకగా పడింది. ఇరుగుపొరుగు గోడ మీంచి తొంగిచూసి నవ్వేవాళ్లు. పిచ్చి లేసిందనేవాళ్లు. ఆ మాటలన్నీ మొగులప్ప చెవిన పడేవి. గొంగడి మాత్రం తీయలేదు.

మెల్లగా పట్టు చిక్కింది. ఎండ వీపుకు తగలాలి. రెక్కల చప్పుడు వినగానే తొందరపడకూడదు. పికిలిపిట్ట వాలుతుంది, గోళ్లు సర్దుకుంటుంది, నీళ్లకు దిగేముందు ఒక్క కూత కూస్తుంది. ఆ కూతకే నొక్కాలి.

చలికాలం పోతుండగా తాజ్ మొహమ్మద్ పెద్ద ఫొటో ఒకటి చంకన పెట్టుకుని తనే రైలెక్కి వచ్చాడు.

"క్యా బాత్ హై మొగులప్పా! ఈకకు ఈక లెక్కపెట్టొచ్చు!"

బీరప్ప ఫొటో అందుకున్నాడు. కొమ్మ మీద పికిలిపిట్ట. నల్లటి జుట్టు నిక్కబొడుచుకుని, నోరు తెరిచి, ఊరినంతా కొట్లాటకు పిలుస్తున్నట్టుంది. అతను ఫొటోను వెలుతురుకు తిప్పి మళ్లీ చూశాడు.

"బావా... దీన్ని దుకాణం తలుపుకు మేకులేసి కొట్టనా?"

"కొట్టు. తాండూరంత చూడాలె. గని ముందుగాల మీ అక్కకియ్యి," అన్నాడు మొగులప్ప.

నాగవ్వ ఫొటోను ఒళ్లో పెట్టుకుని, అతని వేలు పట్టి, "గిది జుట్టు, గిది ముక్కు, గిది తోక" అని ఒక్కొక్కటే తడిమిస్తూ, రెండు కళ్లూ పోయిన తన మొగునికి అతను తీసిన పిట్టను చూపించింది.