పాత జొన్న

ప్రయోగశాలలో మార్చని జొన్న జిల్లా మొత్తంలో చెన్నప్ప అరెకరంలోనే మిగిలింది. ఆ గింజలే ఇంట్లో సంగటి, ఆ చొప్పే గేదెకు మేత. ముప్పై ఏళ్లుగా ఆయనా, భార్య ఓబులమ్మా బయటి గింజ ముట్టలేదు.

ఈ ఏడు కోతకు ముందు పరీక్ష కాగితం మీద జొన్నపాలు పిండితే అది ఊదారంగుకు తిరిగింది. పక్క చేలల్లోని మార్చిన జొన్న పుప్పొడి గాలికి వచ్చి కలిసిపోయింది. చెన్నప్ప పైరంతా కోసి తగలబెట్టాడు. ఇద్దరూ నిరుటి గింజలతో సరిపెట్టుకున్నారు. గేదెకు మాత్రం గట్ల మీది గడ్డే దిక్కయింది. వేసవికి అదీ ఎండిపోయింది.

గేదె లేవలేక పడిపోయిన రోజు ఓబులమ్మ పాలకేంద్రం నుంచి మార్చిన జొన్నతో చేసిన దాణా బస్తా తెచ్చి వాకిట్లో దించింది.

"నువ్వు తిట్టినా సరే. చూస్తా చూస్తా దీన్ని సంపుకోలేను," అంది.

చెన్నప్ప తిట్టలేదు. బస్తా తనే విప్పి, దోసిలితో దాణా గేదె నోటికందించాడు.

"పట్టింపు నాకుంటే ఉండనీ. నోరులేనిదాని కడుపు మాడిస్తే ఎట్ల?" అన్నాడు. గేదె ఆయన అరచేతులు కూడా నాకింది.

వారానికి అది లేచి పాలిచ్చింది. ఓబులమ్మ కాచి రెండు గ్లాసుల్లో పోసింది గానీ తాగమని అడగలేదు. చెన్నప్పే అందుకుని ఒక గుక్క తాగాడు.

"ఎట్లుండాయి?" అంది ఆమె.

"ఎప్పటి మాదిరే ఉండాయి ఓబులా. ఏం తేడా తెలీలేదు," అని, కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు.