కోడలి నొప్పి

“మిషన్ ఇప్పుడే ఇయ్యం,” అంటూ మంగ్లి సంచిని చంకలోకి లాక్కుంది.

భద్రాచలం దవాఖానాలో ఫిజియోథెరపిస్టు హర్షిత చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. గర్భసంచి ఆపరేషన్ తర్వాత పొత్తికడుపు నొప్పి పోవడం లేదని ఏడిస్తే, మంగ్లి కోడలు ద్వాలికి ఆ చిన్న కరెంటు మిషన్ ఇచ్చి ఇంటికి పంపింది తనే. నెల తిరగ్గానే తెచ్చివ్వమంది. దానికోసం ఇంకొకామె బయట బెంచీ మీద కడుపు పట్టుకుని కూర్చుని ఉంది.

“కరెంటు పెడితే కోడలు సచ్చిపోతదని ఆ రోజు లొల్లి చేసింది నువ్వే కదా పెద్దమ్మా?” హర్షిత నవ్వింది.

“అప్పుడు ఎర్కలేక అన్న. పట్టీలు అంటించి మీట తిప్పితే చీమలు పాకినట్టైతది, గంతే. జరసేపటికి పానం నిమ్మళమైతది.”

“అయితే తగ్గినట్టే కదా?”

“ఏడ తగ్గింది? కూసుంటే పొడుస్తది. నడుం దాకా గుంజుతది. బిందె ఎత్తిన నాడైతే కన్ను మూతపడదు.”

హర్షిత ద్వాలి వైపు చూసింది. చర్ల బస్సు దిగి మెట్లెక్కి వచ్చిన మనిషికి ఆయాసం కూడా లేదు. నెత్తి మీద మూట అలవోకగా దించి, మక్క కంకులు మేడంకే అంటూ బల్ల మీద పెట్టింది.

“కూసుంటే పొడుస్తుందా ద్వాలీ?”

ద్వాలి అత్త మొహం చూసింది. “పొడుస్తదంట మేడం.”

“అంట ఏంది? నీ కడుపు సంగతి నీకు తెల్వదా?” హర్షిత అడిగింది.

ద్వాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. “నాకెప్పుడో తగ్గింది మేడం. చేనుకు గూడ పోతున్న.”

“మరి దినాం మిషన్ పెట్టుకునేది ఎవరు?”

మంగ్లి కోడలిని గుర్రుగా చూసింది. సంచిని ఒళ్లో పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

“నీ ఈడున్నప్పుడే నా గర్భసంచి గూడ తీసిన్రు బిడ్డా. అప్పుడు ఇసుంటివి లేకుండె.”