వంటింటి మూలన ప్రాజెక్టు

“అమ్మా, ఈ మూలెందుకు దులిపావు? చీమలూ, వాటిని తినే బల్లీ, నా బయాలజీ ప్రాజెక్టంతా ఇక్కడేగా! రేపు టీచరొచ్చి చూసి మార్కులేస్తారు!” కూతురు బావురుమంది.

తల్లి గబగబా చక్కెర చల్లింది. చీమలొచ్చాయి. బల్లి మాత్రం కిటికీ అవతలే ఆగిపోయింది.

“రావే తల్లీ, నిన్నేమీ అనను.”

“నువ్వక్కడ నిలబడితే ఎలా వస్తుందమ్మా? ఆహార గొలుసులో దానికి పైనున్నది నువ్వే అనుకుంటుంది. దాని కళ్లకు నువ్వు పులివి!”

ఆమె ఆశ్చర్యపోయింది. బల్లి కనబడితే కేకపెట్టి కుర్చీ ఎక్కేది తనే. పాపం, అదీ ఇన్నాళ్లూ తనలాగే హడలిపోతోందన్నమాట!

మెల్లగా హాల్లోకి తప్పుకుంది. బల్లి లోపలికొచ్చింది.

అంతలో మంచినీళ్లకని భర్త వంటింటివైపు వచ్చాడు. ఆమె గుమ్మానికి చెయ్యి అడ్డంపెట్టింది.

“కాసేపాగండి. లోపల అది భోంచేస్తోంది.”