రెండో వరస ఎలుకలు

పిచ్చేశ్వరరావు డాక్టరుగారు మెడ కింద గడ్డను తడుముకుంటూ ఏలీయా చేతికి రెండు రకాల పొట్లాలు ఇచ్చారు.

"ఇది బొంబాయి మందు. గడ్డను కరిగిస్తుంది గాని కాలేయాన్ని తినేస్తుంది. ఇదేమో నేల ఉసిరి పొడి. కాలేయాన్ని కాపాడుతుందని నా ఆశ. మొదటి వరస ఎలుకలకి మేతలో మందు ఒక్కటే కలుపు. రెండో వరసకి రెండూ కలుపు. అర్థమైందా?"

"అయిందండీ."

"నాకొచ్చింది క్యాన్సరు, ఏలీయా. రెండో వరస బతికితే నేనూ ఆ మందు మింగుతాను. నా ప్రాణం వాటి పొట్టలో ఉందనుకో."

బందరు ఆస్పత్రి వెనక పెంకుటింట్లో ఎలుకల గూళ్ళు ఉండేవి. ఏలీయా వాటిని సాకే పనిలో చేరి ఏడాదయింది. అంతకు ముందు, 1958లో, అదే ఆస్పత్రి ఆడవాళ్ళ వార్డులో పదకొండో మంచం పక్కన పందొమ్మిది రోజులు నిలబడ్డాడు. మంచం మీద అతని భార్య కృపావతి. రొమ్ములో గడ్డతో కోడూరు నుంచి వచ్చింది. డాక్టరుగారు ఎవర్నీ అడక్కుండా ఆమె మీద ఇదే మందు వాడి చూశారు. ఒళ్ళంతా పచ్చబడి చచ్చిపోయింది.

"గడ్డ తగ్గింది. కాలేయం పోయింది. రాసుకోండి," అన్నారాయన పక్కనున్న కుర్ర డాక్టర్లతో.

మంచం పక్కన ఒక మొగుడు నిలబడి ఉన్నాడని ఆయనకు పట్టనే లేదు. అందుకే పనిలో పెట్టుకునేటప్పుడు గుర్తుపట్టనూ లేదు. పెద్ద డాక్టర్లకి అన్నీ గుర్తుండవు. ఏలీయాకు మాత్రం ఒక్క మాట కూడా మరుపు రాలేదు.

ఇంకొకడైతే ఆ ఎలుకల మెడలు విరిచేసి ఊరెళ్ళిపోయేవాడు. ఏలీయా ఆ పని చెయ్యలేదు. నూకలు ఉడకేసి, తవుడు కలిపి, ముద్దలు చేసి వేళకు పెట్టేవాడు. పొద్దున్నే గూళ్ళు కడిగేవాడు.

నర్సు సరోజకు సంగతంతా తెలుసు. ఉండబట్టలేక ఓ రోజు అడిగేసింది.

"వదినని పొట్టన పెట్టుకున్నాడు గదన్నా! ఆయన ఎలుకలకి నువ్వింత సేవ చేస్తున్నావేంటి?"

"రెండో వరస బతకాలి చెల్లెమ్మా."

సరోజ కళ్ళు తుడుచుకుంది. శత్రువుని క్షమించడమంటే ఇదే కాబోలు అనుకుంది.

మూడు నెలలు గడిచాయి. మొదటి వరసలో ఒక్కటీ మిగల్లేదు. రెండో వరసలో పన్నెండుకి పన్నెండూ నిగనిగలాడుతున్నాయి. డాక్టరుగారు రెండింటిని కోసి చూశారు. కాలేయాలు శుభ్రంగా ఉన్నాయి. ఆయన ఏలీయా రెండు చేతులూ పట్టుకున్నారు.

"నన్ను బతికించావురా! నీకు పెళ్ళాం పిల్లలున్నారా?"

"లేరండీ."

ఆ పూటే ఆయన మందు మొదలుపెట్టారు. నేల ఉసిరి ఉందన్న ధీమాతో రెట్టింపు మోతాదు తూచుకున్నారు. ఏలీయా గ్లాసుతో మంచినీళ్ళు అందించాడు. ఆయన చివరి గుక్క మింగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

రెండో వరస ఎలుకల మేతలో ఏలీయా ఆ బొంబాయి మందు ఒక్కరోజు కూడా కలపలేదు.