తుప్పు జీపు

"పగలు పన్నెండింటి లోపల పాత ఇనుము కొనేటాయన లారీ వేసుకొని వస్తుండు. పక్కింటి నాగక్క నంబరిస్తే ఫోన్ చేసిన," అంది మహిమ, బైబిలు సంచిలో పెట్టుకుంటూ.

జోయెల్ చేతిలోని వెల్డింగ్ రాడ్డు జారి కింద పడింది.

"ఎవర్ని అడిగి పిలిచినవే?"

"రెండేండ్ల సంది నిన్నే అడుగుతున్న. వాకిట్ల బట్టలారేసే జాగ లేదు."

వాకిట్లో ఉన్నదాన్ని జీపు అనేది ఊరు మొత్తంలో జోయెల్ ఒక్కడే. ఎవరో వెదురు కాంట్రాక్టరు అడవిలో వదిలేసి పోయిన బండి అది. ట్రాక్టరుకు కట్టి జూలూరుపాడు దాటించేసరికి సగం జీపు దారిలోనే పొడై రాలిపోయిందట. వెనకాల నడిచి వచ్చినవాళ్లు ఇంటికెళ్లి ఎర్రగా తుమ్మారట.

అప్పటి నుంచి ట్రాక్టరు షెడ్డులో పని ముగించుకొని రావడం, అతుకులేయడం. అడుగు భాగానికి అశ్వారావుపేట నుంచి తెచ్చిన నూనె డ్రమ్ము రేకు. బంపరుకు బోరు పైపు. పోయిన నెలలో ఇంజను మొదటిసారి దగ్గితే, వీధిలో కోళ్లు మూడు రోజులు గుడ్లు పెట్టడం మానేశాయి.

"ఒక్క మాట విను మహిమా. నువ్వు చర్చి నుంచి వచ్చేలోపు ఇది వాగు దాటి, అవతలి గడ్డెక్కి, తిరిగొస్తే?"

"వస్తే ఉంచుకో. రాకుంటే కాటా మీదికి. మాటంటే మాటే."

ఆమె వెళ్లింది.

కాసేపటికి ఒక ముసలాయన వాకిట్లోకి వచ్చాడు. మెడలో తువ్వాలు, కాళ్లకు రబ్బరు చెప్పులు.

"గిన్ని నీళ్లు పోస్తవా బిడ్డా?"

నీళ్లు తాగాడు. పోలేదు. కింద పడి ఉన్న స్పానరు తీసుకొని జీపు చుట్టూ తిరుగుతూ టంగుటంగున కొట్టడం మొదలుపెట్టాడు.

"ఓ పెద్దయ్యా! అది జీపు, తలుపు కాదు. లోపల ఎవరూ లేరు!"

"ఈ వెల్డింగు ఎవరిది?"

"నాదే. మా ఆమె చర్చి నుంచి వచ్చేలోపు ఇది వాగు దాటి రావాలె. ఎట్లుంది?"

"పైకి పెండ్లికొడుకు లెక్కుంది. లోపల అటుకులు."

ముసలాయన వంగి, బండి బరువంతా మోసే ఛాసిస్ మీద కుడి పక్కన కొట్టాడు. మిగతా చోట్ల టంగుమన్నది అక్కడ దబ్బుమంది.

"తుప్పు మీదనే అతుకేసినవ్. వాగుల ఒక్క రాయెక్కితే రెండు ముక్కలైతది."

జోయెల్ ఫోను తీసి టైము చూశాడు. తొమ్మిదిన్నర.

"గిప్పుడు అదంతా కోసుకుంట కూసుంటే ఎట్ల? పాత ఇనుమోడు వచ్చేస్తడు."

"వస్తే ఏందట?"

"ఏందంటవేంది! వాళ్లకు దయ ఉంటదా? ఏది చూసినా కిలోలే అవుపిస్తయి. మొన్న ఒకడు మా ముసలయ్య తాతను కూడా కిందికీ మీదికీ చూసిండు, కాలుల రాడ్డుందని!"

ముసలాయన పొట్ట పట్టుకొని నవ్వాడు. కండ్ల నీళ్లు తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"నిజమే బిడ్డా. గసొంటోళ్లే వాళ్లు. గ్రైండర్ తియ్యి."

సుద్దముక్కతో ఛాసిస్ మీద రెండు గీతలు గీశాడు.

"ఈడికెల్లి ఈడిదాకా కొయ్. అటూ ఇటూ మంచి ఇనుమే. దాని జోలికి పోకు."

జోయెల్ కోశాడు. లోపలి నుంచి దోసెడు తుప్పు రాలింది. విరిగిన ట్రాలీ ప్లేటు ఒకటి పెట్టి, ముసలాయన పట్టుకుంటే చుట్టూ అతికాడు.

"నువ్వు మెకానిక్కువా పెద్దయ్యా?"

"కాదు. కానీ గిసొంటివి వందల్ల చూసిన."

పదకొండింటికి ఇద్దరూ ఎక్కారు.

వాగు మధ్యలో కుడి చక్రం రాయి ఎక్కింది. జీపు మెలి తిరిగింది. కింద కొత్త ప్లేటు దగ్గర కర్రుమని చప్పుడు. జోయెల్ కండ్లు మూసుకొని ప్రభువును తలుచుకున్నాడు.

"కండ్లు మూసుకుంటే తొక్కేదెవరు? తొక్కు!"

తొక్కాడు. అతుకు విడవలేదు. జీపు రాయి దిగింది, నీళ్లు దాటింది, మూలుగుతూ గడ్డ ఎక్కింది. జోయెల్ వేసిన కేకకు అవతల మేస్తున్న బర్రెలు ఏ జిల్లాలో ఆగాయో ఇప్పటికీ తెలియదు.

తిరిగి ఇవతలి ఒడ్డుకు రాగానే ముసలాయన దిగాడు.

"నాకు రోడ్డు దిక్కు పనుంది బిడ్డా."

"చాయ్ తాగి పో పెద్దయ్యా!"

చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. సంతోషంలో జోయెల్ ఆయన పేరు కూడా అడగలేదు.

మహిమ వచ్చేసరికి వాకిట్లో జీపు నీళ్లు కారుస్తూ ఉంది. బంపరుకు వాగులోని నాచు వేలాడుతోంది. ఆమె చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడి, ఓడిపోయింది.

"వచ్చే ఆదివారం చర్చికి దీని మీదనే పోదం. కానీ ముందు సీటు కుట్టియ్యి."

ఒంటిగంటయింది. లారీ రాలేదు.

"పాపం, వద్దని చెప్పాలె గదా," అంటూ మహిమ ఫోను స్పీకరులో పెట్టింది. "అన్నా, పొద్దున పాత ఇనుముందని చెప్పిన గదా, ఇంకా రాలేదేంది?"

అవతలి గొంతు వినగానే జోయెల్ చేతిలోని చాయ్ గ్లాసు నోటి దాకా పోకుండా ఆగిపోయింది.

"వచ్చి పోయిన తల్లీ. లారీ రోడ్డు మీదనే ఆపి, నడుసుకుంట మీ వాకిట్లకు వచ్చిన. ఆడ నాకు పాత ఇనుమేం అవుపడలే."