అటువైపు గొంతు

ఆ నంబర్‌ను బ్లాక్ చెయ్యమని మేనేజర్ సుమంత్ పొద్దున్నే చెప్పాడు. సాయంత్రమైనా స్వర్ణ ఆ పని చెయ్యలేదు.

వాళ్ల ఆఫీసు హిమాయత్‌నగర్‌లో. ఒక ఇంటర్నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కు వచ్చే ఫోన్లకు అక్కడ మనుషులు జవాబు చెప్పరు, కంప్యూటర్ చెబుతుంది. వింటే యంత్రమని ఎవరూ అనుకోరు. నెమ్మదైన మగగొంతు. కోపంగా ఫోన్ చేసినవాళ్లు కూడా ఆ గొంతు వినగానే కాస్త చల్లబడతారు. కంప్యూటర్‌కు అర్థంకాని కాల్స్ విని, తేడా ఎక్కడొచ్చిందో రాయడం స్వర్ణ పని.

స్వర్ణ అమ్మానాన్న మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి అంబర్‌పేట్‌లో కూలిపని చేసుకుంటున్నారు. తను అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదివింది. పరీక్షలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. హాస్టల్లో పక్క మంచం అంబిక తన ఆఫీసులో ఓ మాట చెబితే ఈ ఉద్యోగం వచ్చింది. ఇంకా పర్మనెంట్ కాలేదు. అది సుమంత్ చేతిలో ఉంది.

ఆ నంబర్ నుంచి రోజూ ఫోన్ వస్తుంది. చేసినవాళ్లు ఏమీ మాట్లాడరు.

ఏం కావాలో చెప్పమని గొంతు అడుగుతుంది. అటువైపు నిశ్శబ్దం. చెవి పెట్టి వింటే అందులో సన్నటి ఊపిరి, కిటికీ సందులోంచి గాలి దూరినట్టు. అది ఆగాక గొంతు మళ్లీ అడుగుతుంది. మళ్లీ ఊపిరి. మీ మాట నాకు వినపడలేదంటుంది గొంతు, ఎంతో ఓపికగా. కంప్యూటర్ వాటన్నిటినీ ఖాళీ కాల్స్ కింద పడేసింది.

స్వర్ణకు ఖాళీ అనిపించలేదు. ఆ ఊపిరికి ఒక వరస ఉంది. గొంతు అడుగుతున్నంతసేపూ ఆగుతుంది, అడగడం కాగానే మొదలవుతుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది, కాకపోతే ఒకరి మాటలు ఎవరో తుడిచేసినట్టు. వినీ వినీ ఆ చప్పుడు ఆమెతోపాటు హాస్టల్‌కు కూడా రాసాగింది. ఫ్యాన్ గాలికి క్యాలెండర్ కదిలినా ఉలిక్కిపడేది.

సుమంత్‌తో చెబితే తేలిగ్గా నవ్వేశాడు.

"ఎవరో టైంపాస్ చేస్తున్నరు. ఆ ఇంటివాళ్లకు ఒక మాట చెప్పి బ్లాక్ చెయ్. దీనికి కూడా పరేషానయితే ఎట్ల?"

ఆ నంబర్‌కు స్వర్ణ తనే ఫోన్ చేసింది. ఎవరో ఎత్తారు. మాట్లాడలేదు. అదే గాలి, ఈసారి నేరుగా తన చెవిలో. గబుక్కున పెట్టేసింది.

కనెక్షన్ కుసుమ అనే ఆవిడ పేరు మీద, చిక్కడపల్లి చిరునామాతో ఉంది. ఎలాగూ హాస్టల్‌కు వెళ్లే దారే. నారాయణగూడ చౌరస్తా దాటి, గానసభ హాలు వెనక సందులోకి తిరిగింది. పాత అపార్ట్‌మెంట్. బెల్ కొడితే ఎంతకీ ఎవరూ రాలేదు. వెళ్లిపోదామనుకుంటుండగా తలుపు తెరుచుకుంది.

కుసుమకు అరవై దాటి ఉంటాయి. స్వర్ణ ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చిందో విని లోపలికి పిలిచింది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఇంట్లో చిన్న అలికిడి కూడా లేదు. టీవీ మీద గుడ్డ కప్పి ఉంది.

"ఏమనుకోవద్దు ఆంటీ. మీ నంబర్ నుంచి దినాం ఫోనొస్తది, ఎవ్వరు మాట్లాడతలేరు. బంద్ చెయ్యమన్నరు," అంది స్వర్ణ ఇబ్బందిగా.

"అక్కడ మాట్లాడే గొంతు ఎవరిదో నీకు తెలుసా అమ్మా?"

తెలియదంది.

"మా వారిది. జగన్నాథరావు గారని, మీ సుమంత్‌ని అడుగు, చెబుతాడు."

స్వర్ణ గ్లాసు కింద పెట్టింది.

కుసుమ నింపాదిగా చెప్పుకొచ్చింది. ఆయన కాల్ సెంటర్లో కొత్తవాళ్లకు ఫోన్లో మాట్లాడటం నేర్పేవారు. ఆయన ఒక మాట చెబితే ఎక్కడైనా ఉద్యోగం ఇచ్చేవాళ్లు. అలా నిలదొక్కుకున్నవాళ్లలో సుమంత్ ఒకడు. కొత్త కంపెనీలో చేరాక వచ్చి ఈ సోఫాలోనే కూర్చున్నాడు. సార్, మీ గొంతయితే జనం నమ్ముతారన్నాడు. శిష్యుడు అడిగాడని ఆయన మురిసిపోయి, స్టూడియోకు వెళ్లి వాళ్లు రాసిచ్చిన మాటలన్నీ వారాల తరబడి చదివి వచ్చారు. యంత్రం మాటలు నేర్చింది. కాల్ సెంటర్‌కు మనుషుల అవసరం తీరిపోయింది. ఆయన తయారుచేసినవాళ్లంతా ఉద్యోగాలు పోయి ఒక్కొక్కరే ఇళ్లకొచ్చేశారు. ఆఖర్న ఆయనా వచ్చారు. సుమంత్ మళ్లీ ఈ గడప తొక్కలేదు.

"ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. అంతమంది నోటి దగ్గర కూడు నేనే తీశానని కుమిలిపోయారు. తర్వాత జబ్బు బయటపడింది. ఆయన నోటి మాట ఈ ఇంట్లో వినపడి ఏడాది దాటిందమ్మా."

ఇన్నాళ్లూ స్వర్ణ చెవికి ఆనించుకుని పనిచేసిన గొంతు అది. తన ఉద్యోగమే ఆ గొంతు మీద నిలబడి ఉంది. ఓదార్పుగా ఆవిడ వైపు జరిగి కూర్చుంది.

"నేను బంద్ చెయ్య ఆంటీ," అంది చివరికి. "సుమంత్ సార్ ఏమన్నా అననియ్యి. ఆ గొంతు రికార్డింగులు కూడా తెచ్చిస్త. మీరు ఎప్పుడంటే అప్పుడు వినొచ్చు."

సంగతి తెలిస్తే తన ఉద్యోగం ఉండదని తెలుసు. అయినా మాట ఇచ్చేసింది.

కుసుమ ఆమె చెయ్యి పట్టుకుంది. "వినడానికే అయితే అది చాలు తల్లీ," అంది.

తర్వాత ఫోన్ తీసి నంబర్ నొక్కి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. నిండుగా, ఆప్యాయంగా ఆ గొంతు గదంతా పరుచుకుంది.

లోపలి గదిలోంచి జగన్నాథరావు గోడ పట్టుకుని మెల్లగా నడిచొచ్చి, మెడ మీది కట్టు సర్దుకుని, ఫోన్ మీదికి వంగి, ఆపరేషన్‌లో పోయిన తన గొంతుకు ఉత్త పెదవులతో జవాబు చెప్పసాగాడు.