ఉత్తుత్తి కూత

ఎండలు ముదిరి అడివి మొత్తానికి ఒక్క మడుగే మిగిలింది. దాని గట్టున గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టుకుని కాపలా కాస్తోంది తీతువు పిట్ట. చిరుత కనిపిస్తే కూసేది. ఆ కూత వినగానే జంతువులన్నీ పరుగు తీసేవి.

ఒకనాడు దుప్పుల పెద్ద వచ్చాడు. "ఏమే, రేపు పందులూ జింకలూ నీళ్లకి రాగానే ఉత్తుత్తి కూత ఒకటి కుయ్యి. అవి పారిపోతే మావాళ్లు తీరిగ్గా తాగుతారు. నీ గుడ్ల మీద మా గిట్టలు పడకుండా నేను చూసుకుంటా."

తీతువుకి ఒళ్లు మండిపోయింది. "పెద్దయ్యా, ఇన్నాళ్లూ నా గుడ్లు తొక్కకపోవడం మీ మర్యాద అనుకున్నాను. అది బేరమా? ఛీ! గుడ్లకి నా రెక్కలే అడ్డం పెట్టుకుంటా గానీ అబద్ధం మాత్రం కుయ్యను."

"నువ్వే దారికొస్తావులే," అని నవ్వుతూ వెళ్లాడు పెద్ద.

మర్నాడు అందరూ నీళ్లు తాగుతుండగా పొదలో చిరుత కదిలింది. తీతువు గొంతు చించుకుని కూసింది. పందులూ జింకలూ దుప్పులూ అన్నీ పరుగెత్తాయి. పెద్ద ఒక్కడే కదల్లేదు. తీతువు అతని కొమ్ముల చుట్టూ ఎగురుతూ మళ్లీ కూసింది.

"చాల్లేవే, అందరూ పోయారుగా!" అని మూతి నీళ్లలో పెట్టాడు.

అప్పుడే చిరుత దూకింది. తొడ చీలినా ఎలాగో విడిపించుకుని బతికి బయటపడ్డాడు. సాయంత్రం కుంటుకుంటూ వచ్చి, "నిజమని చెప్పొద్దటే!" అని ఉరిమాడు.

"నాకున్నది ఒకటే కూత," అంది తీతువు. "దాన్ని విని అడివంతా బతికింది. అందులో అబద్ధం వినబడింది, అబద్ధం అడిగిన నీకొక్కడికే!"